కోహెడ బస్సు టాపు మీద నల్ల పైపు చుట్ట

మొన్న సిద్దిపేట బస్టాండులో కోహెడ బోర్డు పెట్టుకున్న బస్సు ఒకటి కదలబోతుంటే, నాకు అటువైపు ఏ పనీ లేకపోయినా ఎక్కి కూర్చున్నాను. ఊరు దాటుతున్నంతసేపూ నా కళ్ళు మాటిమాటికీ పైకి, బస్సు రేకు వైపే పోయాయి. తొంభైల మొదట్లో ఇదే దారిలో, బస్సు టాపు మీద నల్లటి పైపు చుట్ట ఒకటి కట్టుకుని, మా మామ బోరుబావి పైపుకు పొక్కలు పెట్టడానికి వెళ్ళాను. ఆ ఒక్క రోజు ప్రయాణం గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. అటువైపు వెళ్ళాలనుకునే వాళ్ళకి పనికొచ్చే సంగతులు కూడా మధ్యమధ్యలో చెబుతాను.

ముందు నా ఉద్యోగం గురించి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. సిద్దిపేటలో పుట్టి పెరిగిన నేను డిప్లొమా కాగానే గోదావరి జిల్లాల్లో చమురు బావుల మీద పనిచేసే ఒక కంపెనీలో చేరాను. పదిహేను రోజులు కొబ్బరితోటల మధ్య డ్యూటీ, పదిహేను రోజులు ఇంటి దగ్గర సెలవు. మా వీధి వాళ్ళకి బావి అంటే బోరు, బోరు అంటే నీళ్ళు. అందుకని నేను దిగిన మర్నాడే ఎవరో ఒకరు కొబ్బరికాయ పట్టుకుని వచ్చేవాళ్ళు, తమ జాగాలో నీళ్ళు ఎక్కడ పడతాయో చూపించమని. నాకు తెలియదంటే నమ్మేవాళ్ళు కాదు. జీతం ఎక్కువై పిల్లవాడికి గర్వం పెరిగిందని మా అమ్మతో అన్నవాళ్ళు కూడా ఉన్నారు.

నిజానికి మా పని నీళ్ళు వెతకడం కాదు, చమురు వెతకడమూ కాదు. చమురు బావి తవ్వాక అది కూలిపోకుండా లోపల ఉక్కు పైపు దింపి, చుట్టూ సిమెంటు పోస్తారు. అప్పుడు బావి గట్టిపడుతుంది కానీ చమురు కూడా బయటే ఆగిపోతుంది. కాబట్టి చమురు ఉన్న లోతుకు మందు కూరిన గొట్టాలు దింపి, పేల్చి, ఉక్కుకూ సిమెంటుకూ పొక్కలు పెట్టాలి. ఆ గొట్టాలను మేము గన్నులు అనేవాళ్ళం. తిన్నగా దిగిన బావిలో వాటిని తీగకు కట్టి వదిలితే బరువుకు అవే పోతాయి. చాలా లోతుకు పోయి, అడుగున పక్కకు వాలిన బావుల్లో మాత్రం అవి మధ్యలోనే ఆగిపోతాయి. తీగతో దేన్నైనా లాగగలం కానీ నెట్టలేం కదా. అలాంటి బావులకు మమ్మల్ని పిలిచేవాళ్ళు. మా దగ్గర బొటనవేలి కన్నా కాస్త లావుగా ఉండే ఉక్కు గొట్టం, మైళ్ళ పొడుగుది, పెద్ద డ్రమ్ముకు చుట్టి ఉండేది. కాయిల్డ్ ట్యూబింగ్ అంటారు దాన్ని. ఆ చుట్టను విప్పుతూ, వంపు తీస్తూ, కొసకు గన్నులు బిగించి యంత్రంతో బావిలోకి నెట్టేవాళ్ళం.

గన్నులు చోటుకు చేరాక గొట్టంలో చిన్న ఉక్కు గోళీ వేసి పంపు నడిపేవాళ్ళం. ఆ గోళీ డ్రమ్ములో చుట్టు మీద చుట్టు తిరుగుతూ చేసే చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అది అడుగుకు చేరి దారి మూశాక ఒత్తిడి పెంచితే గన్నులు పేలతాయి. పైకి ఏమీ కనబడదు. మా టీముకు పెద్ద అయిన నాయర్ గారు గొట్టం మీద అరచెయ్యి పెట్టి నిలబడేవారు, మేమంతా పక్కన చేతులు పెట్టేవాళ్ళం. ఎక్కడో పాతాళంలో దబ్బుమన్నది చేతికి తగిలితే సరే. తగలకపోతే పేలని మందును పైకి లాగాల్సి రావచ్చు. ఆ కాసేపు ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. ఉద్యోగం మానేసి ఇన్నేళ్ళయినా ఆ నిశ్శబ్దం మీద బెంగ పోలేదు నాకు.

ఇదంతా ఒకసారి పెళ్ళిలో పంక్తిలో కూర్చుని మా ఎల్లయ్య మామకు చెప్పాను. మా అమ్మకు తమ్ముడు, కోహెడ పక్క పల్లెలో వరి, పత్తి వేసేవాడు. గన్నులు సిద్ధం చేసేటప్పుడు మందు పొరపాటున పేలకుండా సైటులో వైర్‌లెస్ సెట్లూ వెల్డింగులూ అన్నీ ఆపేస్తారని కూడా చెప్పాను. అన్నం కలపడం ఆపి మరీ విన్నాడు. అతను అంత శ్రద్ధగా వింటే ఏదో ఒకటి మీదికి వస్తుందని నాకు అప్పుడే తట్టాల్సింది.

ఆ ఏడు దసరా దాటాక సెలవుకు ఇంటికి బయలుదేరాను. రాజమండ్రిలో రాత్రి బండి ఎక్కి పొద్దున సికింద్రాబాదులో దిగి, జూబ్లీ బస్టాండు నుంచి సిద్దిపేట చేరేసరికి మధ్యాహ్నం అయింది. మామ మా ఇంటి ముందు బీడీ తాగుతూ కూర్చుని ఉన్నాడు. బోరు వేయించి మూడేళ్ళయిందనీ, రెండు వందల ఫీట్లు పోయినా మోటరు పావుగంట కూడా నడవదనీ చెప్పాడు. హైదరాబాదులో మేస్త్రిగా ఉన్న వాళ్ళ ఊరి మనిషి, కట్టే బిల్డింగుకు వాచ్‌మన్‌గా మొగుడూ పెళ్ళాం ఇద్దరూ రమ్మన్నాడట. ఆదివారంలోగా జవాబు చెప్పాలి. బర్లను అడగడానికి బేరగాడు కూడా వచ్చి పోయాడు.

"నువ్వు పాతాళంల ఉన్న ఇనుప పైపులకు పొక్కలు పెడ్తవంటివి గద అల్లుడా," అన్నాడు మామ. "నా బోరుల పైన దించింది అరవై ఫీట్ల పీవీసీ పైపే. గింతదానికి రావా?"

నవ్వి ఊరుకోబోయాను కానీ, తర్వాత అతను మామూలుగా అన్న మాట ఒకటి నన్ను పట్టుకుంది. పొలం గట్టు అవతల పక్కవాళ్ళ పాత మోటబావిలో నీళ్ళు ఉన్నాయి. లోతు తక్కువైన బావిలో నీళ్ళు ఉండి, దాని పక్కనే అంత లోతు బోరులో లేకపోవడం ఏమిటి? మా వైపు బోర్లలో పైన మెత్తటి నేల కూలకుండా రాయి తగిలేదాకా కేసింగు పైపు దింపుతారు. ఆ పైపు రాయిలో బిగుసుకుని కూర్చుంటే పైన ఊరే నీళ్ళకు లోపలికి దారి ఉండదు. మా చమురు బావుల సంగతే ఇది. పైపుకు చీలికలు పెడితే రావచ్చేమో అన్నాను. మామకు ఆ "ఏమో" వినబడలేదు.

మర్నాడు పొద్దున్నే ప్రయాణం మొదలైంది. ముందు కమ్మరి సదయ్య కొలిమికి పోయాం. రాత్రే కాగితం మీద గీసిచ్చాను, ఆయన లారీ కింద ఉండే కమాన్ పట్టీ ముక్కతో జానెడు కత్తి చేసి, బరువైన ఇనుప కడ్డీ గాడిలో మడత కత్తిలా అమర్చి పెట్టాడు. వెనక స్ప్రింగు ఉంది. తీగ లాగి పట్టుకుంటే కత్తి ముడుచుకుంటుంది, వదిలితే తెరుచుకుంటుంది. ఆ కడ్డీని తాడుకు కట్టి దింపుదామని మామ అన్నాడు. అయితే బోరు కేసింగు అతుకు దగ్గర కాస్త వంకర ఉందనీ, మోటరు దింపేటప్పుడల్లా అక్కడ తట్టుకుంటుందనీ అతనే చెప్పాడు. తాడు నెట్టలేదు, నెట్టడానికి గొట్టం కావాలి. బజారులో పైపుల దుకాణంలో బోర్లకు వాడే నల్ల పైపు చుట్ట ఒకటి తీసుకున్నాం. సిద్దిపేటలో దొరికిన కాయిల్డ్ ట్యూబింగ్ అది. నాయర్ గారు చూస్తే ఏమంటారో అనుకుంటే నాకే నవ్వొచ్చింది.

బస్సు ఎనిమిది దాటాక వచ్చింది. కండక్టరు ఆ చుట్టను చూసి తల అడ్డంగా ఊపాడు. బతిమాలగా బతిమాలగా టాపు మీదికి ఒప్పుకుని, మనిషికి ఆరేడు రూపాయల టికెట్టుతో పాటు చుట్టకు కూడా లగేజీ టికెట్టు కొట్టాడు. అది కూడా మనిషంత జాగా తింటుందని అతని వాదన. అప్పట్లో సిద్దిపేట మెదక్ జిల్లా, కోహెడ కరీంనగర్ జిల్లా. దూరం ఎక్కువేం కాదు కానీ ప్రతి స్టేజీలో ఆగుతూ గంటన్నర పట్టేది. కిటికీ పక్కన కూర్చుంటే దారి పొడుగునా తెల్లగా విచ్చిన పత్తి చేలు, కోత అయిన వరి మళ్ళు. ఇప్పటికీ ఆ దారి చూడాలంటే దసరాకీ సంక్రాంతికీ మధ్య వెళ్ళడమే మంచిది. ఆ చలిపొద్దు ఎండ, ఇంజను పక్కన పేరుకున్న డీజిల్ వాసన, మామ భుజం నా భుజానికి తగులుతుండడం, ఇవన్నీ మొన్న బస్సులో కూర్చున్నాక ఒక్కసారిగా గుర్తొచ్చి మనసు బరువెక్కింది.

దారిలో మామ అత్త గురించి చెప్పాడు. మా లచ్చవ్వ అత్త వాచ్‌మన్ పనికి రానని అనలేదట, వస్తానని కూడా అనలేదట. పక్క బావి నుంచి కుండలతో నీళ్ళు మోసుకొచ్చి, ఒక మూలన యాసంగి పంటకు నారు పోసిందట. బోరు ఎండిపోతే ఆ నారు ఎవరు నాటుతారని అడిగితే మళ్ళీ కుండ ఎత్తుకుందట. ఈ మాట చెప్పి కిటికీ వైపు తిరిగాడు మామ. ఊరు వదలడం అతనికీ ఇష్టం లేదని నాకు అప్పుడే తెలిసింది.

కోహెడలో దిగాక ఒక చిన్న ప్రమాదం జరిగింది. చుట్ట దించగానే, మోయడానికి వీలుగా ఉంటుందని మామ దాని సుతిలి తాడు కోశాడు. చుట్ట ఒక్క ఎగురు ఎగిరి విచ్చుకుంది. ఒక కొస చాయ హోటలు ముందు కూర్చున్న పెద్దమనిషి రుమాలు ఎగరగొట్టింది, ఇంకో కొస సైకిలు చక్రంలో దూరింది. దాన్ని మళ్ళీ లొంగదీయడానికి ఆరుగురు మనుషులు కావలసి వచ్చారు, వాళ్ళందరికీ చాయలు చెప్పాల్సి వచ్చింది. హోటలాయన ఇచ్చిన ఉడకబెట్టిన శనగ గుడాలు తిని, ఎడ్లబండి మాట్లాడుకుని పల్లెకు బయలుదేరాం.

మామ పొలం చేరేసరికి నాకు విషయం బోధపడింది. ఊరు ఊరంతా గట్ల మీద దూరంగా నిలబడి ఉంది. పశువులను చెరువు వైపు తోలేశారు. ఒక ముసలాయన చెవుల్లో దూది పెట్టుకుని వచ్చాడు. ఊళ్ళో ఒక్క రేడియో మోగడం లేదు. పెళ్ళిలో నేను చెప్పింది మామ సిద్దిపేటకు బయలుదేరే ముందే ఊరందరికీ చెప్పి, రేపు అల్లుడు బాంబు పేలుస్తాడు, రేడియోలు బంద్ పెట్టండని ఇంటింటికీ తిరిగి వచ్చాడు. బాంబులేమీ లేవని, ఇది కత్తి అని నేను ఎంత చెప్పినా, అది జనాన్ని కంగారుపెట్టకుండా చెప్పే మాటనుకున్నారు.

అత్త మాత్రం దగ్గరికి వచ్చి, తిన్నవా అల్లుడా అని అడిగి సర్వపిండి ముక్క చేతిలో పెట్టింది. బియ్యప్పిండిలో వెల్లుల్లి, నువ్వులు వేసి అడుగు ఎర్రగా కాల్చిన ఆ సర్వపిండి లాంటిది నేను మళ్ళీ తినలేదు. బోరు వేసిన రోజు ఏ లోతులో తడి కనబడిందని మామను అడిగాను. అంతా పొడి దుమ్మే అన్నాడు. అత్త కల్పించుకుంది.

"రెండో రాడు దిగుతుంటెనే నా కొత్త చీర మీద బురద వడ్డది," అంది. "పూజకని కట్టుకున్న చీర. మూడేండ్ల సంది చెప్తున్న, ఇంటలేడు."

అది బోరు బండి వాళ్ళు పైనుంచి పోసిన నీళ్ళేననీ, ఈమెకు బండి సంగతి ఏం తెలుసుననీ మామ కొట్టిపారేశాడు. రాయి మొదలయ్యే చోటే నీళ్ళు ఎక్కువ ఉంటాయి కాబట్టి, కేసింగు అడుగున కోద్దాం అన్నాడు. మామూలుగా అది సరైన మాటే కాబట్టి నేనూ సరేనన్నాను.

పైపును ఎండలో బారుగా పరిచి, మెత్తబడ్డాక నలుగురు సాగదీసి పట్టుకున్నారు. పొడుగునా సున్నంతో గుర్తులు పెట్టాం. కొసన కత్తి కడ్డీ, పైపు లోపల నుంచి దాని తీగ, పక్కనే లాగడానికి మోకు, పైన మూడు గుంజలు కట్టి గిరక. దింపడం మొదలుపెట్టాం. వంకర దగ్గర కడ్డీ ఆగింది, పైపును పట్టి నెడితే దాటింది. గుర్తులను నమ్మకూడదని మాకు పనిలో మొదటి రోజే నేర్పుతారు. చుట్టి ఉంచిన గొట్టానికి ఎంత సాగదీసినా వంపు పూర్తిగా పోదు, బావిలో అది గోడలకు ఆనుకుంటూ మెలికలుగా కూర్చుంటుంది, మనం దింపిన పొడుగంత లోతుకు కొస చేరదు. అందుకని ముందు తెలిసిన చోటును తాకి చూడాలి. కేసింగు దాటించి కత్తి తెరిచి పైకి లాగితే, కేసింగు అడుగు అంచుకు ఠక్కున పట్టుకుంది. గుర్తుకూ దానికీ రెండు ఫీట్లు తేడా ఉంది. ఆ తేడా సరిచేసుకుని, కత్తి ముడిచి, అంచుకు కాస్త పైకి తెచ్చి మళ్ళీ తెరిచాం. పనిలో మమ్మల్ని ఎప్పుడూ సతాయించే ఆ వంపే ఇక్కడ కత్తిని కేసింగు గోడకు గట్టిగా ఒత్తి పెట్టింది.

ఆరుగురు మోకు పట్టి లాగారు. పీవీసీ చీలుతున్న కిర్రుమన్న చప్పుడు పైకి వినిపించింది. నాలుగు వైపులా కోసి, అందరం ఆగాం. అలవాటుగా నేను కేసింగు మీద అరచెయ్యి పెట్టాను. నా పక్కన మామ పెట్టాడు. ఏమీ లేదు. చాలాసేపు చూసి, కడ్డీ పైకి తీస్తే కత్తికి జిగట బంకమన్ను అంటుకుని వచ్చింది. అక్కడ నీళ్ళు లేవు, ఉన్నా ఆ మన్ను వదలదు.

బాంబు లేదని తేలిపోయి జనం ఒకరొకరే కదిలిపోయారు. ముసలాయన చెవుల్లోంచి దూది తీసి జేబులో వేసుకుని వెళ్ళాడు. మామ గట్టు మీద కూలబడి, బేరగాడిని రేపు రమ్మనాలె అన్నాడు. ముఖం కడుక్కోవడానికి పక్కవాళ్ళ మోటబావి దగ్గరికి పోయాను. పైన నీళ్ళు, నీళ్ళ కింద బావి అడుగు కనబడుతోంది. ఆ బావి మొత్తం లోతు నలభై ఫీట్లు లేదు. నీళ్ళు ఊరేది ఆ లోతులోనే అయితే, బోరు బండి రాడు ఒక్కోటి ఇరవై ఫీట్లు కాబట్టి రెండో రాడు దిగేది కూడా ఆ లోతుకే. అత్త అక్కడే కుండ ముంచుతోంది. వెనక్కి వచ్చి మామను లేపి, అత్త చెప్పిన చోట ఒక్కసారి కోద్దాం అన్నాను. ఇంకేం నమ్మకం లేక, ఎదురు చెప్పే ఓపిక కూడా లేక లేచాడు.

ఈసారి మోకు పట్టడానికి ముగ్గురమే మిగిలాం. కుండ దించి అత్త కూడా పట్టింది. ఒక చీలిక, రెండో చీలిక. మూడోది లాగుతుండగా లోపల ఏదో జారినట్టు వినిపించింది. చేతులు వదిలేసి నిలబడ్డాం. నేను చెయ్యి పెట్టలేదు, చెవి పెట్టాను. చాలా కింద, రాతి గోడ మీద సన్నగా, ఆగకుండా నీళ్ళు పడుతున్న చప్పుడు. మామను పిలిచాను, వంగి విన్నాడు. తర్వాత అత్త మోకాళ్ళ మీద కూర్చుని, కొంగు వెనక్కి తోసి, కేసింగుకు చెవి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది.

"గా దినం నా మీద పడ్డయి గివే నీళ్ళు," అంది లేవకుండానే.

మామ పార తీసుకుని నారుమడి దాకా కాలువ చెక్కడం మొదలుపెట్టాడు. ఈ పని కోసం బోరులో మోటరును ముందే పైకి తీశారు, మళ్ళీ దింపడానికి మర్నాడు మనుషులు రావాలి. ఆ సంగతి గుర్తు చేయబోతే అత్త నన్ను కళ్ళతోనే వారించింది. కాలువ పూర్తయ్యాక తల ఎత్తకుండా, మేస్త్రికి రానని కబురు పంపాలె అన్నాడు. పొద్దు వాలకముందే నన్ను బండి మీద కోహెడకు దింపి, సిద్దిపేట బస్సు ఎక్కించి, కదిలేదాకా కిటికీ పట్టుకుని నిలబడ్డాడు.

ఆ బోరు మరీ గొప్పగా ఏమీ పోయలేదు. ఉన్న పొలంలో సగానికి సరిపోయేది. కానీ ఆ ఏడు నారు నాటారు, బర్లు అమ్మలేదు, హైదరాబాదు పోలేదు. నేను ఇంకో పదేళ్ళు గోదావరి వైపు పనిచేశాను. పక్కకు వాలిన బావుల్లోకి మైళ్ళ గొట్టం నెట్టి, ఎన్ని పొక్కలు పెట్టానో లెక్క లేదు. వాటిలోంచి వచ్చింది ఏ పైపులో పోయిందో, ఎవరి పొయ్యి వెలిగించిందో నాకు తెలియదు. చేతికి తగిలిన దబ్బు తప్ప నాకేమీ మిగల్లేదు. నేను చెవి పెట్టి విన్న బావి అదొక్కటే, మామా అత్తా ఇద్దరూ పోయాక కూడా ఆ చప్పుడు నన్ను వదల్లేదు. మొన్న బస్సు దిగి చూస్తే ఆ పొలం చేతులు మారింది. బోరు మూతి మీద బండరాయి పెట్టి ఉంది. కాసేపు దాని మీద చెయ్యి పెట్టి కూర్చుని వచ్చాను.

మీరూ ఎండిన బోరు చూడడానికి ఎవరి పొలానికైనా వెళ్తుంటే ఒక్క సలహా. పనిముట్లు బస్సెక్కించేముందు, ఆ బోరు వేసిన రోజు అక్కడ ఎవరెవరు ఉన్నారో కనుక్కుని, వాళ్ళలో ఆ ఇంటావిడను అందరికన్నా ముందు అడగండి. మా మామ ఆ ఒక్క మాట వినక, మా అత్త చేత మూడేళ్ళు కుండలతో నీళ్ళు మోయించాడు.